ఇవాళ్టి ఎండ ఇచ్చినవారు

షెల్టరు రేడియో లాగ్. నీటి చదువు వంతు: తాతపూడి అబ్బులు.

బహుళ సప్తమి

పోటు ఐదు గీతలు. పాటు పట్టాక రెండు. సముద్రం ఎక్కినప్పుడొకసారి, దిగినప్పుడొకసారి మెట్లు దిగి, స్తంభం మీది గీతలు కళ్ళతో చూసి, పైకొచ్చి మైకులో చెప్పాను. మబ్బు విడవలేదు.

ఈ లాగ్‌లో నీటి సంగతి తప్ప సొంత గోల రాయకూడదని పట్టుబట్టినవాణ్ణి నేనే. ఇవాళ నేనే రాస్తున్నాను. పొద్దున్న మెట్ల మీద పేరు లేని బ్యాటరీ దొరికింది.

మెట్ల మీద బ్యాటరీ దొరకడం వింత కాదు. మేం బతికేదే వాటి మీద. ఇక్కడ ఎవరికీ జీతం లేదు, ఏ కంపెనీ ప్రకటనా చదవం. వంతు వచ్చిన ఇంటివాళ్ళు తమ డాబా మీది సోలారు పలకలతో బ్యాటరీ నింపి, ఇంటి గుర్తు కనబడేలా మెట్ల మీద పెట్టి వెళతారు. దాన్ని మేం ఎండ అంటాం. మైకు తెరవగానే మొదటి మాట, "ఇవాళ్టి ఎండ ఇచ్చినవారు ఫలానా" అని. ఆ పేరు చదవకుండా మరో మాట మాట్లాడకూడదు. యంత్రాలు మనుషుల గొంతులు తొడుక్కుని తిరిగిన రోజుల్లో, చనిపోయిన మా మేనమామ గొంతు ఫోనులో నన్ను ఆప్యాయంగా పలకరించి, పొలం రొయ్యల కంపెనీకి కౌలుకివ్వరా అంది. అలాంటివి ఇంటింటా జరిగాయి. ఇప్పుడు మా వైపు ఫోను ఎత్తేవాడు లేడు. పాత తుఫాను షెల్టరులో ఈ రేడియో పెట్టుకున్నప్పుడు రెండే షరతులు రాసుకున్నాం. రికార్డు చేసిన గొంతు వినిపించం. పేరు లేని ఎండ వాడం.

ఇవాళ దొరికినదాని మీద ఏ గుర్తూ లేదు. పైగా నిండుగా ఉంది. ఈ మబ్బుల్లో ఊరందరి బ్యాటరీలూ సగం నిండి వస్తుంటే ఇదొక్కటే ఎలా నిండిందని దానియేలును అడిగాను. పడవల ఇంజన్లు బాగుచేసుకు బతికే మనిషి, మా ట్రాన్స్‌మిటర్ కూడా అతనే చూసుకుంటాడు.

"ఎవరో పాపం గుర్తు వెయ్యడం మర్చిపోయుంటారండి. తగిలించేశాను," అన్నాడు.

"తగిలించేశావా?"

"పొద్దున్న మీరు చదివిన చదువంతా దాని మీదేనండి, ఆయ్."

నాకు ఒళ్ళు మండింది. అంటే పొద్దున్న నేను గుడిపాటివారి ఎండ అని చదివింది అబద్ధమన్నమాట.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ విత్తనాల్లో కల్తీ పట్టాను. సంచి కుట్టు చూసి లోపలున్నదేమిటో అనుమానించడం చేతికి అలవాటైపోయింది. కూరలో ఉప్పు సరిపోతే ఎందుకు సరిపోయిందని అడిగే మనిషి ఈయనొక్కడేనని మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ వెక్కిరించేది. వెక్కిరించనీ. ఊరికే ఎవరూ ఎండ ఇవ్వరు.

బహుళ నవమి

పోటు ఐదు. పాటు రెండున్నర. తుంపర.

మళ్ళీ వచ్చింది. అదే రకం బ్యాటరీ, గుర్తు లేదు, నిండుగా ఉంది. అడుగు తడిసి ఉంది, పక్కన గుర్రపుడెక్క వేరు అంటుకుని ఉంది. గట్టు మీద నడిచొచ్చినవాడి బ్యాటరీకి గుర్రపుడెక్క ఎందుకంటుతుంది? పడవలో వచ్చాడు. ఏట్లో తిరిగే పడవలన్నీ ఎవరివి? కంపెనీవి.

దానియేలును ముట్టుకోవద్దన్నాను. అప్పుడే మంగతాయారు వచ్చింది. రోజూ పొద్దున్న పంటల ముచ్చట్లు చెప్పేది ఆ అమ్మాయే. మా షెల్టరు ఏటి వైపు ఉంటే, ఆమె పొలం ఐదో లాకుకి అవతల, లోపలి వైపు కాలువని ఆనుకుని ఉంటుంది. సముద్రానికీ ఆ పొలానికీ మధ్య ఉన్నవి లాకు తలుపులే. పోటుకి అవి మూసుకుంటాయి, పాటుకి లేచి లోపలి వాననీళ్ళు వదిలేస్తాయి. లాకు దానంతటది నడుస్తుంది. దాన్ని పెట్టిన డిపార్ట్‌మెంటు ఎప్పుడో పోయింది. అది మాత్రం పని మానలేదు.

ఆమె చుట్టుపక్కల చేలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. ఒకసారి ఉప్పు తాగిన నేలలో వరి పండదు, కంపెనీకి అప్పగించడమొకటే మిగులుతుంది. ఈమె ఒక్కతే ఇంకా ఇవ్వలేదు. ఇప్పుడా చేను కంకుల్లో పాలు పోసుకుంటోంది.

"ఎవరిచ్చేరో వాళ్ళిచ్చేరు బాబాయ్. ఎండకి కులమా గోత్రమా? తగిలించండి," అంది.

"కంపెనీదైతే? ఇవాళ ఎండ ఇస్తాడు. రేపు ఏం చదవాలో వాడే చెబుతాడు."

"చెప్పినప్పుడు చూద్దురుగాని."

ఇంత ధైర్యం ఈమెకెక్కడిదని నాకు అనుమానం. మొన్న కంపెనీ మనిషి ఆమె గట్టు మీద నిలబడి మాట్లాడటం నేను చూశాను. కుదరదని చెప్పి పంపించానంది. ఏమో.

బహుళ ఏకాదశి

పోటు ఆరు. పాటు మూడు. మబ్బు.

నవమినాడు వచ్చిన బ్యాటరీని ముట్టుకోకుండా మెట్ల మీదే ఉంచాను, ఎరగా. నిన్న పాటు చదివి, కిటికీ దగ్గరకు రావడానికి కాస్త ఆలస్యమైంది. వచ్చి చూస్తే లేదు. ఇవాళ పాటు చదివాక మళ్ళీ అక్కడే ఉంది. మేం వాడకపోతే పట్టుకెళ్ళి, మళ్ళీ నింపి తెస్తున్నారు. ఇంత పట్టుదల మంచివాళ్ళకు ఉండదు.

ఒకటి మాత్రం తేలింది. వచ్చినా పోయినా నేను మైకులో పాటు చదివిన తర్వాతే. అంటే నా చదువు వింటున్నాడు. విని కదులుతున్నాడు.

దానియేలు లుంగీ అంచు తడిగా ఉంది. అడిగితే ఏట్లో కాళ్ళు కడుక్కున్నానన్నాడు. నమ్మాలంటే నమ్మొచ్చు. బిస్కెట్లు తెచ్చి నాకు కూడా పెట్టాడు, ఎందుకు పెట్టాడో తెలియదు. తిన్నాను.

ఏట్లో మనుషుల్లేకుండా తిరిగేది గుర్రపుడెక్క కోసే లాకు పడవొక్కటే. దానిపాటికది వస్తుంది, కోసుకుంటుంది, పోతుంది. ఈ చుట్టుపక్కల నాకు అనుమానం లేనిది అదొక్కటే.

బహుళ త్రయోదశి

పోటు ఏడు. పాటు మూడున్నర, వాననీళ్ళు కలిసి ఏరు సరిగా దిగడం లేదు. వాన.

ఎండ అయిపోతోంది. వంతు వచ్చిన ఇళ్ళవాళ్ళు ఖాళీ చేతులు చూపిస్తున్నారు. డాబాల మీద పలకలుంటే చాలదు, పైన సూర్యుడు కూడా ఉండాలి. పాటలు ఆపేశాం. మంగతాయారు గంట ఆపేశాం. నీటి చదువు ఒక్కటే మిగిలింది. రోజూ చదువు చివర నేను చెప్పే విన్నపం ఇవాళ రెండుసార్లు చెప్పాను: "ఈ గొంతు మీకు అవసరమైతే, వింటున్న ప్రతివారూ తమ వంతు ఎండ తెచ్చి మెట్ల మీద పెట్టండి." ఎవరూ రాలేదు. గుర్తు లేని బ్యాటరీ మాత్రం వచ్చింది.

మంగతాయారు నా ఎదురుగా కూర్చుంది. ఆమె గంట పోయినందుకు వచ్చిందనుకున్నాను.

"నా ముచ్చట్లు లేకపోతే ఎవరి కొంపా మునగదు బాబాయ్. నీళ్ళ చదువు ఆగకూడదు. ఎల్లుండి అమావాస్య పోటు. మెట్ల మీదున్నది తగిలించండి."

"ఎవరు పెట్టారో తెలిసినరోజున తగిలిస్తాను."

"ఎలా తెలుస్తుంది?"

చెప్పలేదు. ఈ విషయంలో ఆమెను కూడా నమ్మలేను. ఉపాయం మాత్రం దొరికింది. బ్యాటరీ పెట్టేవాడు పాటు మాట విని కదులుతున్నాడు. నిజంగా పాటు పట్టాక కంపెనీ పడవలన్నీ ఏట్లోకి దిగుతాయి, వాటిలో ఏది తెస్తోందో తెలియదు. అదే పోటు నిండుగా ఉన్నప్పుడు నేను పాటు అని చెబితే? ఖాళీ ఏట్లో ఒక్క పడవే కదులుతుంది. మెట్ల మీద నిలబడి పట్టుకుంటాను.

తప్పుడు చదువు చదవడం మా పద్ధతికి విరుద్ధమని నాకు తెలుసు. దొంగను పట్టడానికి ఒక్కసారి. పట్టగానే సరిచేసి చెబుతాను. ఆ సమయంలో నీళ్ళలోకి వెళ్ళేవాళ్ళెవరూ లేరని ఇవాళే వాకబు చేసుకున్నాను కూడా.

అమావాస్య

 జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్న పోటు ఎనిమిది గీతలు తాకింది. కింది మెట్లు మునిగాయి. పైకొచ్చి మైకు తెరిచి, ఎండ ఇచ్చినవారి పేరు చదివి, "పాటు పట్టింది, మూడు గీతలు, ఇంకా దిగుతోంది" అని చెప్పాను. నా గొంతులో ఏ తేడా లేదు. మైకు ఆపి పరుగున మెట్లు దిగాను.

కంపెనీ పడవ ఒక్కటీ కదల్లేదు. ఏరంతా ఖాళీగా ఉంది. అప్పుడు లాకు వైపు గొలుసుల చప్పుడు వినబడింది. తలుపులు లేస్తున్నాయి. పోటు నిండుగా ఉండగా లాకు తలుపులు లేవడం నేను పుట్టి ఎరగను. లేచిన తలుపు కింద నుంచి, ఎదురు ప్రవాహంతో పెనుగులాడుతూ, గుర్రపుడెక్క కోసే పడవ బయటికి వచ్చింది. దాని ముందు పలక మీద గుర్తు లేని బ్యాటరీ ఉంది. దాని పక్కనుంచి సముద్రం లోపలికి పోతోంది.

నాకు అర్థమయ్యేసరికి పడవ మెట్లకు ఆనుకుంది. నేను పట్టుకుందామనుకున్న దొంగ నా కాళ్ళ దగ్గర ఆగి, కోతచేత్తో బ్యాటరీని నెమ్మదిగా మెట్టు మీదికి జరిపింది.

దానియేలును కేకేశాను. చదువు సరిచేయాలని పైకి పరిగెత్తాను. మైకు వెలగలేదు. తప్పుడు మాట చెప్పడానికి మిగిలిన ఎండ సరిపోయింది, నిజం చెప్పడానికి మిగల్లేదు.

"కిందది," అన్నాను. "కిందది తగిలించు."

దానియేలు మోకాలి లోతు నీళ్ళలో దిగి బ్యాటరీని భుజానికెత్తుకొచ్చాడు. తీగలు బిగించాడు. ఎర్రదీపం వెలిగింది. అంత తొందరలోనూ నా నోటికి అలవాటైన మాటే ముందు వచ్చింది. "ఇవాళ్టి ఎండ ఇచ్చినవారు" అని ఆగిపోయాను. దానియేలు నా వంక చూస్తున్నాడు. "ఐదో లాకు," అన్నాను. "పోటు. ఎనిమిది గీతలు. పాటు పట్టలేదు. మళ్ళీ చెబుతున్నాను, పోటు, ఎనిమిది గీతలు."

కిటికీలోంచి చూస్తూ చెబుతూనే ఉన్నాను. తలుపులు వెంటనే దిగలేదు. సగంలో ఆగాయి. నా మాటల్లో ఏది నిజమో తేల్చుకుంటున్నట్టుంది. నాలుగోసారి చెప్పాక దిగాయి.

మధ్యాహ్నం మంగతాయారు చేలోంచి బురద కాళ్ళతో వచ్చింది. పల్లపు మడులు రెండూ మునిగాయని చెప్పింది. నీళ్ళు వేలితో తాకి నాలుక మీద పెట్టుకుని చూశానంది. నేను చేసింది మొత్తం చెప్పాను. అరుస్తుందనుకున్నాను.

"నన్ను అనుమానించేరా బాబాయ్?"

"నిన్నూ."

"దానియేలుని?"

"అతన్నీ."

ఆమె కిటికీలోంచి మెట్ల దగ్గరున్న పడవను చూపించింది. "దాన్ని?"

"దాన్నొక్కదాన్నే అనుమానించలేదు."

ఆమె కూర్చుని కొంగుతో కాళ్ళ బురద తుడుచుకుంది. నాకు బతకాలనిపించలేదు.

శుద్ధ పాడ్యమి

పోటు ఎనిమిది. పాటు నాలుగు. రెండూ మంగతాయారు చదివింది. నేను పక్కన ఉన్నాను.

దానియేలు, నేను లాకు గదిలోకి వెళ్ళాం. నీటిమట్టం చూసుకోవడానికి లాకుకున్న తేలుడు గుండు ఆల్చిప్పలు పట్టి రాయిలా బిగుసుకుపోయింది. డిపార్ట్‌మెంటు తీగలు ఎప్పుడో మునిగిపోయాయి. తుఫాను హెచ్చరికలు వినడానికి పెట్టిన రేడియో చెవి ఒక్కటే పని చేస్తోంది. ఈ తీరంలో గాలిలో ఉన్న గొంతు మాదొక్కటే.

"కళ్ళు పోయాయండి దీనికి," అన్నాడు దానియేలు. "ఎప్పటినుంచో మీ చదువు వినే తలుపులు ఎత్తుతోంది, దించుతోంది."

"మరి బ్యాటరీలు?"

"మీరే అడిగేరు కదండీ రోజూ. వింటున్న ప్రతివారూ మెట్ల మీద పెట్టండని."

లాకు కప్పు మీద డిపార్ట్‌మెంటు వేసిన పలకలు పెళ్ళిపందిరంత ఉన్నాయి. మబ్బుల్లో కూడా బ్యాటరీలు నిండేది అందుకే. ఊళ్ళో మనుషులను ఎన్నోసార్లు బతిమాలాను. ఇది విని, ఇవ్వవలసిందిచ్చింది. గుర్తు వెయ్యలేదెందుకంటే గుర్తు వెయ్యమని నేనెప్పుడూ మైకులో చెప్పలేదు. అది అందరికీ తెలిసిన సంగతే కదా అనుకున్నాను.

సాయంత్రం మైకులో నా తప్పు చెప్పుకున్నాను. విన్నవాళ్ళు కొందరు షెల్టరుకు వచ్చారు. నన్ను తిట్టారు, తిట్టవలసినవే. తర్వాత ఒకాయన, యంత్రం ఇచ్చిన ఎండ మనకొద్దు, ఆ రోజులు మర్చిపోయారా అన్నాడు. మామూలుగా అయితే ఆ మాట అనవలసింది నేను.

"అది ఎవరి గొంతూ తొడుక్కోలేదండి," అన్నాను. "ఒక్క మాట మాట్లాడలేదు. విన్నది, వంతు ఇచ్చింది. అబద్ధమాడిన గొంతు నాది."

 దానియేలు తన రంగు డబ్బా తెచ్చి, ఆ బ్యాటరీ మీద లాకు తలుపు బొమ్మ గీశాడు. వంకరగా వచ్చింది.

శుద్ధ విదియ

పోటు ఎనిమిది. పాటు నాలుగు.

ఇకమీదట నీటి చదువు నువ్వే చదవమని మంగతాయారుతో చెప్పాను. ఒప్పుకోలేదు. "తప్పు చేసి తప్పుకుంటానంటే ఎలా? చదవండి," అంది. చేలో ఎక్కిన ఉప్పు దిగాలంటే ప్రతి పాటుకీ తలుపులు లేవాలి, వాననీళ్ళు ఆ ఉప్పును కడుక్కుని బయటికి పోవాలి. ఒక్క పాటు తప్పినా మడి బిగుసుకుపోతుంది. అందుకని రెండు రెట్లు జాగ్రత్తగా చూశాను. గీత మీద వేలు పెట్టి చూశాను. పైకొచ్చి, "పాటు పట్టింది, నాలుగు గీతలు, ఇంకా దిగుతోంది" అని చదివాను.

లాకు కదల్లేదు.

మళ్ళీ చదివాను. గొలుసు చప్పుడు లేదు. దానియేలు తీగలు చూశాడు, అన్నీ బాగానే ఉన్నాయి. మంగతాయారు నా చేతిలోంచి మైకు తీసుకుని అదే మాట, అదే లెక్క చెప్పింది. తలుపులు లేచాయి.

 జీవితమంతా నేను ఎదుటివాళ్ళను చూసిన చూపు ఎలా ఉంటుందో ఇవాళ నాకు తెలిసింది. సిగ్గేసింది, బాధేసింది. దాని మీద కోపం మాత్రం రాలేదు. దాని స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

"రేపటినుంచి నువ్వే చదువమ్మాయ్," అన్నాను.

"మీరు ముందు చదవండి బాబాయ్. వెనకాల నేను చదువుతాను. అది నమ్మేదాకా."

"నమ్మకపోతే?"

"ఇద్దరం చదువుదాం. మైకు అరిగిపోద్దా?"

శుద్ధ పంచమి

పోటు ఏడు. పాటు మూడున్నర. పొద్దున్న కాసేపు ఎండ కాసింది.

పై మడిలో కంకులు బరువుగానే వంగాయని మంగతాయారు చెప్పింది. పల్లపు మడుల్లో ఒకటి పోయింది. రెండోది ఆకు కొసలు ఎండి, మొదలు పచ్చగా ఉంది. నీళ్ళు రుచి చూస్తే ఉప్పు తగ్గిందట. ఇంకో వారం కడగాలి.

మూడు రోజులుగా నేను చదువుతున్నాను, ఆమె చదువుతోంది, ఆమె మాటకు తలుపులు లేస్తున్నాయి. ఊళ్ళో నవ్వుకుంటున్నారు, బావగారు పిలిస్తే పలకని పెళ్ళికూతురని లాకుకు పేరు కూడా పెట్టారు. నవ్వుకోనీ. వంతు ఎండ మాత్రం మానకుండా తెస్తోంది. నా వంతు రోజున కూడా తెచ్చింది.

ఇవాళ పాటుకి మెట్లు దిగి, గీత చూసి, అలలు కాస్త నిలకడ పట్టేదాకా ఆగి, మళ్ళీ చూసి వచ్చాను. మైకు తెరిచాను. "ఇవాళ్టి ఎండ ఇచ్చినవారు ఐదో లాకు. చదువుతున్నది అబ్బులు. పాటు పట్టింది, మూడున్నర గీతలు, ఇంకా దిగుతోంది."

మైకు మంగతాయారుకి అందించబోయాను. ఆమె తీసుకోలేదు, కిటికీ వైపు చూస్తోంది. గొలుసు ఒకసారి గిరగిరమంది. తలుపు బెత్తెడు లేచి ఆగింది. దాని కింద నుంచి లోపలి నీళ్ళు సన్నగా, పొడుగ్గా బయటికి వస్తున్నాయి.

తర్వాత ఆమె చదివింది. మిగతా తలుపు లేచింది.